బియ్యంలో రాయని పేరు

“గురువారం జ్వరమని ఫోన్ చేసి ఆఫీసుకు రాలే. ఇంట్ల గూడ లేవు. మరి ఏడికి పోయినవ్?”

ప్రజ్ఞ నా ముఖం చూడలేదు. కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్లి వానను చూసి మళ్లీ వచ్చి కూర్చుంది. ఆఫీసులో చాయ్ తాగే ఆ ఇరుకు గదిలో తిరగడానికి చోటే లేదు. ఉన్న కాస్త చోటునీ పొద్దున్నుంచి ఆ అమ్మాయే తొక్కుతోంది. చూస్తున్న నాకే తల తిరిగిపోతోంది.

“కూసో. నేను నీ దిక్కు మాట్లాడనీకి అచ్చిన. నా దగ్గరనే దాస్తె నేను పోయి మీ సర్ తెచ్చిన ఆ డిటెక్టివ్ సూర్యకాంత్ పక్కన కూసుంట. ఆడ ఏసీ గూడ ఉన్నది.”

దానికీ నవ్వలేదు. అది నవ్వే సమయం కాదని నాకూ తెలుసు.

నా పేరు సారిక. పోలీసు ఉద్యోగం మానేసి నాందేడ్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. బోర్డు మీద ఎన్ని గొప్పలు రాసుకున్నా నాకు ఎక్కువగా వచ్చేది పెళ్లి సంబంధాల విచారణే. వరుడు తాగుతాడా, ఇంతకు ముందే ఎవరినైనా చేసుకున్నాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా. ప్రజ్ఞకు కాబోయే భర్త యోగేశ్‌ను కూడా మొన్న ఎండాకాలంలో నేనే జల్లెడ పట్టాను. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకోవడం తప్ప అతనిలో లోపం దొరకలేదు. అందుకే ఈ పొద్దున కూతురి మీద నింద పడగానే ప్రజ్ఞ తండ్రి గోవింద్ గారికి నా నంబరు గుర్తుకొచ్చింది.

నింద చిన్నది కాదు. ప్రజ్ఞ, యోగేశ్ ఇద్దరూ పనిచేసే ఈ కంపెనీ ‘ముచ్చట’ అనే యాప్ నడుపుతుంది. దెగ్లూర్ నుంచి ఇస్లాపూర్ దాకా సరిహద్దు ఊళ్లలో మా తెలుగువాళ్లందరి ఫోన్లలోనూ అదే. మరాఠీ బడిలో చదువుకుని తెలుగు అక్షరాలు రానివాళ్లు తెలుగు మాటను మరాఠీ లిపిలో కొట్టినా అవతలివాళ్లకు చక్కగా చేరుతుంది. ఇద్దరి మధ్య మాట మూడోవాడు చదవలేడని కంపెనీ మాట ఇచ్చింది. జనం నమ్మారు. తర్వాత సర్కారు ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఇలాంటి ప్రతి యాప్‌కూ ఒక దొడ్డిదర్వాజ ఉండాలి, అడిగినప్పుడు ఎవరి ముచ్చటైనా తీసి చూపించగలగాలి. నాందేడ్‌లో ఆ దర్వాజ కట్టింది ప్రజ్ఞ.

పోయిన గురువారం మధ్యాహ్నం ఎవరో ఆ దర్వాజ తెరిచి శ్రేయ అనే దెగ్లూర్ అమ్మాయి ముచ్చట్లు చదివారు. శ్రేయ, శుభం ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని ఇస్లాపూర్‌లో తలదాచుకున్నారు. ఎక్కడున్నదీ శ్రేయ ఒకే ఒక్క స్నేహితురాలికి చెప్పింది, అదీ యాప్‌లోనే. పొద్దు వాలకముందే శ్రేయ మేనమామలు ఆ ఇంటి ముందు జీపు దిగారు. ఇప్పుడు శుభం కాళ్లు విరిగి దవాఖానలో ఉన్నాడు. శ్రేయను పుట్టింట్లో పెట్టి బయట తాళం వేశారు. శుభం అన్న వచ్చి ఆఫీసులో అరిచి గోల చేస్తే, యజమాని నందకిషోర్ దర్వాజ రికార్డు తీయించాడు. తెరిచిన చాబీ ప్రజ్ఞ పేరు మీద ఉంది. సాయంత్రం లోపు వేరే సంగతేదీ తేలకపోతే ఆయన ఠాణాకు వెళ్తాడు.

“కొరియర్ ఆఫీసుకు పోయిన తాయీ,” అంది ప్రజ్ఞ చివరికి. మరాఠీలో తాయీ అంటే అక్క. “మా పాస్‌పోర్టులు అచ్చినయి, నా సంచిలనే ఉన్నయి. జర్మనీ వీసా పడ్డది. నాకు, యోగేశ్‌కు, ఇద్దరికి. పెండ్లి కాంగనే పోదామనుకున్నం. ఈడ ఎవ్వరికి చెప్పలే.”

అదీ సంగతి. ఆమె నిర్దోషి అని చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం, పారిపోతోందని చెప్పే సాక్ష్యం కూడా. నాకు చిరాకు ముంచుకొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చిరాకు కేసు గురించి కాదు. మా గల్లీలో నాలుగు ముక్కలు చదివిన ప్రతివాళ్లూ సూట్‌కేసు కొనుక్కోవడం చూసి చూసి విసిగిపోయాను.

“అందరు గిట్లనే ఎళ్లిపోతె ఈడ ఉండేటోళ్లు ఎవరు?”

“నన్ను అడుగుతున్నవా?” మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. “ఆ దర్వాజ నా చేతులతోటి పెట్టిన. చిన్నపిల్లల్ని ఎత్కపోయేటోళ్లను పట్టనీకి అన్నరు. నేను నమ్మిన. ఇప్పుడు మా అమ్మ ముచ్చట పంపినా నాకు చదవ బుద్ధి అయితలేదు. ఎవరో చదివి మల్ల మడిచి పెట్టినట్టు అనిపిస్తది. ఇంకో కంపెనీల అడిగిన. నీకు దర్వాజలు కట్టే అనుభవం ఉన్నది గదా, జల్ది అచ్చి జాయిన్ గా అన్నరు. దేశంల ఏడికి పోయినా ఇదే పని తాయీ.”

“ఆడ గూడ ఇదే చెప్తే?”

“చెప్తే అప్పుడు చూస్త. ఈడైతే చెప్పిండ్రు, నేను చేసిన. శుభం కాళ్లు విరిగినయి.”

ఆమె ఇంకోసారి కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

“గురువారం నీ చాబి ఏడున్నది?”

మెడలోని గొలుసు బయటికి లాగి చూపించింది. గొలుసు చివర కంప్యూటర్‌కు గుచ్చే వేలెడంత ఇనుప ముక్క. “స్నానం చేసేటప్పుడు గూడ తియ్య. ఇసొంటిదే ఇంకొకటి నందకిషోర్ సర్ బీరువాల ఉన్నది. రెండు నా పేరు మీదనే ఉన్నయి. రెండోదానికి సర్ పేరు పెడ్తనంటె వద్దన్నడు. రేపు ఏదన్న లొల్లి అయితె ఆయన పేరు ఉండొద్దట.”

ఈ మాట ఆ అమ్మాయి పొద్దున్నే చెప్పి ఉంటే నా సగం పని అయిపోయేది. చదువుకున్నవాళ్లతో ఇదే తలనొప్పి, తమకు తెలిసిన సంగతి అందరికీ తెలుసనుకుంటారు.

యోగేశ్ బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఏదో గబగబా తుడిచేస్తున్నాడు. నన్ను చూడగానే ఫోన్ జేబులో పెట్టాడు. ఇలా ఫోన్ దాచే పెళ్లికొడుకులను నేను చాలామందిని చూశాను. దాదాపు అన్నిసార్లూ ఇంకో అమ్మాయే ఉంటుంది.

“ఏం తుడుస్తున్నవ్?”

“ఏం లేదు తాయి.”

“యోగేశ్, నీ గురించి నీకన్న నాకు ఎక్కువ తెలుసు. తొమ్మిదో తరగతిల గణితం తప్పినవని గూడ తెలుసు. ఫోన్ ఇటు తే.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “అది కేసు సంగతి కాదు. అది... పేరు.”

మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా పెళ్లిలో కొన్ని మరాఠీ పద్ధతులు ఏనాడో వచ్చి కూర్చున్నాయి. కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే పళ్లెంలో బియ్యం పోస్తారు. వరుడు ఉంగరంతో ఆ బియ్యంలో ఆమెకు కొత్త పేరు రాస్తాడు. ఆ క్షణం నుంచి అత్తింటివాళ్లకు ఆమె ఆ పేరు మనిషే. నాకు రాసిన పేరు నాకు నచ్చలేదు, ఆ పెళ్లీ నచ్చలేదు, రెండూ వదిలేసుకున్నాను. కానీ ఆ పళ్లెం ముందు కూర్చుని ఏం రాస్తాడోనని వంగి చూసిన ఆ ఒక్క నిమిషం మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. బియ్యంలో రాసేదాకా పేరు వధువుకు తెలియకూడదు. అదే అందులోని సరదా.

“గోదావరక్కకు ఒక్కదానికే చెప్పిన,” అన్నాడు యోగేశ్. గోదావరి అతని అక్క, దెగ్లూర్‌లో ఇచ్చారు. “మిఠాయి డబ్బల మీద కొత్త పేరు వేయించాలె గదా. అది గూడ యాప్‌లనే రాసిన, నోటితోటి ఎవ్వరికి చెప్పలే. ప్రజ్ఞ నా ఫోన్ తీసుకుంటది తాయి, చూస్తదని తుడుస్తున్న.”

“ఇంతకు ఏం పేరు?”

“చెప్ప.”

“నేను డిటెక్టివ్‌ను.”

“అందుకే చెప్ప.”

ఈ అబ్బాయిని పాస్ చేసినందుకు నాకు నేనే శభాష్ అనుకుంటూ నందకిషోర్ దగ్గరికి వెళ్లి, ఆ దర్వాజ ఉన్న గది చూపించమన్నాను.

నందకిషోర్ చెడ్డమనిషి కాదు. భయస్తుడు. ఇలాంటి వ్యవహారాల్లో భయస్తుడి వల్లే ఎక్కువ నష్టం. వరండా చివర ఒక చిన్న గది ముందు ఆగి చెప్పులు విప్పాడు. దుమ్ము వెళ్తే యంత్రాలు పాడవుతాయని ఆఫీసులో అందరూ చెప్పులు బయటే వదులుతారట. నేనూ విప్పాను.

“ఈడ కెమెరా లేదేంది?”

“ఉత్తర్వుల ఉన్నది మ్యాడం. ఈ గదిల ఏం నడుస్తదో ఎవ్వరు చూడొద్దట.”

“గదికి తాళం?”

“చాబి లేకపోతె ఆ కంప్యూటర్ వట్టి డబ్బనే. అందుకని పెట్టలే.”

ఊరందరి మాటలూ చూడగల గది. దాన్ని చూసే కన్ను మాత్రం ఒక్కటీ లేదు. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటర్. ఊడ్చేవాళ్లను కూడా రానివ్వరు కాబట్టి మూలల్లో దుమ్ము పేరుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద చూశాను. పాదాలు పెట్టుకునే పట్టీ పక్కన ఎండిన నల్లమట్టి గడ్డ ఒకటి పడి ఉంది. చేతిలోకి తీసుకుని తిప్పితే ఒక వైపు వంకర గీతలు లోతుగా దిగి ఉన్నాయి. మందపాటి బూటు అడుగు. గురువారం పొద్దున్నుంచి వాన. చెప్పులు విప్పే అలవాటున్న మనిషైతే ఈ గడ్డ ఇక్కడిదాకా రాదు.

“సర్, మీ ఆఫీసుల బూట్లు ఇప్పకుంట తిరిగేటోళ్లు ఎవరున్నరు?”

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఆ మూసుకోవడం నేను గుర్తుపెట్టుకున్నాను.

సూర్యకాంత్ యజమాని గదిలో సోఫా మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. నేను పోలీసులో ఉన్నప్పుడు నాతోనే చేరాడు, నాకంటే ముందే బయటికి వచ్చి పెద్ద డిటెక్టివ్ కంపెనీ పెట్టాడు. ఆర్నెల్ల నుంచి ఇక్కడ భద్రతా సలహాదారు కూడా. లేచిపోయిన పిల్లల్ని వెతికి తేవడంలో అతనికి ఈ జిల్లాలో ఎదురు లేదని పేరు. నేను నెలంతా తిరిగినా జాడ దొరకనివాళ్లు అతనికి ఒక్క పూటలో దొరికేవారు. కుళ్లుకునేదాన్ని, దాచడం ఎందుకు. నా బుర్రలోనే ఏదో తక్కువైందని ఎన్నోసార్లు బాధపడ్డాను.

మోకాలి కిందిదాకా లేసులున్న అతని బూట్లు లైటు వెలుగులో మెరుస్తున్నాయి. ఆ లేసులు విప్పాలంటే పావుగంట పడుతుంది.

“రాండ్రి సారికా బాయి,” అన్నాడు. “పెండ్లి సంబంధాలు దొరుకుతలేవా ఏంది, కంప్యూటర్ కేసుల మీద పడ్డరు?”

“దొరుకుతున్నయి భావూ. నీకు ఎవర్నన్న చూడాల్నా?”

నందకిషోర్ దగ్గాడు. నేను సూర్యకాంత్ ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

“గురువారం మధ్యాహ్నం ప్రజ్ఞ ఆఫీసుల లేదు. కొరియర్ ఆఫీసుకు పోయింది, ఆడి కెమెరాల ఉంటది. ఆ కంప్యూటర్ ఈ ఆఫీసులనే ఉన్నది. మరి చాబి పెట్టింది ఎవరు?”

“ఆమెనే ఎవరికో ఇచ్చి పెట్టిపిచ్చింది. తన మీదికి రాకుంట. చిన్న పిలగాడు గూడ చెప్తడు ఇది.”

“ఆ గదిలకు నువ్వు ఎన్నడన్న పోయినవా?”

“నాకేం పని ఆడ? ఇయ్యాల్టిదాంక గడప తొక్కలే.”

మట్టిగడ్డను బల్ల మీద పెట్టాను. అతను దాన్ని చూసి, తన బూటు చూసుకుని, హాయిగా నవ్వాడు.

“నాందేడ్‌ల నల్లమట్టి అంటని బూటు ఒక్కటి చూపెట్టు బాయి. కోర్టుల ఈ గడ్డ పెట్టి ఏమంటవ్? జడ్జి సాబ్, వాన పడ్డది అంటవా?”

నాకు మండిపోయింది. అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది. గడ్డ ఒకరి బూటుదని చెప్పొచ్చు, ఏ రోజు రాలిందో చెప్పలేం. సూర్యకాంత్ అక్కడితో ఆగలేదు. తలుపు తీసి ప్రజ్ఞను, యోగేశ్‌ను లోపలికి రమ్మన్నాడు. వాళ్లు వచ్చి నిలబడ్డాక నందకిషోర్ వైపు తిరిగాడు.

“సర్, మీకు ఒక ముచ్చట చెప్పలే ఈ పిల్ల. చాబి మెడల ఏసుకొని జర్మనీ పోతున్నది. ఇద్దరికి వీసాలు పడ్డయి.”

నందకిషోర్ ముఖం వాడిపోయింది. “నిజమేనా ప్రజ్ఞా? అక్షయ్ పోయిండు, రేష్మ పోయింది. ఇప్పుడు నువ్వు గూడనా? ఈ కుర్చీలల్ల నేను ఎవర్ని కూసోపెట్టాలె?”

ప్రజ్ఞ తల దించుకుంది. సూర్యకాంత్‌కు ఊపు వచ్చింది. గెలుపు దగ్గరికి వచ్చినప్పుడు మనిషికి నాలుక జారడం చాలా సులువు.

“రెండు వారాలల్ల పెండ్లి, సర్. విద్యావతి అయ్యి విమానం ఎక్కుతది. ఆడ కూసొని ఈడ ఎవరితోనో దర్వాజ తీపిచ్చుకుంట ఉంటది. మీరు నేను ఈడ కోర్టు చుట్టు తిరుగుదాం.”

“విద్యావతి ఎవరు?” అంది ప్రజ్ఞ.

నేను యోగేశ్‌ను చూశాను. అతని ముఖంలో రక్తం లేదు. ప్రజ్ఞ కూడా అతన్నే చూసింది, చాలాసేపు చూసింది. ఆమెకు అర్థమైన క్షణం నాకు కనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు నచ్చక కాదు. ఆ పేరు మొదటిసారి పలకవలసిన నోరు ఇది కాదు.

“నా పేరా అది?” అని అడిగింది, యోగేశ్‌ను మాత్రమే.

అతను తల ఊపాడు. “మా నాయనమ్మ పేరు. ఆమె చదువుకుంటనంటె చదువనియ్యలేదట. అందుకని...” అంటూ ఆగిపోయాడు.

నేను లేచి యోగేశ్ చేత గోదావరికి ఫోన్ చేయించాను. అందరికీ వినబడేలా పెట్టి నేనే అడిగాను. “గోదావరక్కా, ప్రజ్ఞకు అనుకున్న పేరు నువ్వు ఎవరికన్న చెప్పినవా?”

“అయ్యో, ఎవ్వరికి చెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే, ఆయన నోట్ల మాట ఆగదు. డబ్బల మీద అచ్చు గూడ ఇంక ఇయ్యలే. ఎందుకమ్మా, ప్రజ్ఞకు తెలిసిందా ఏంది?”

తర్వాత మాట్లాడదామని చెప్పి పెట్టేశాను.

“సూర్యకాంత్ భావూ. ఈ పేరు లోకంల ఇద్దరికి తెలుసు. ఇద్దరి నడుమ ఒక్కసారి పోయింది, యాప్‌లనే పోయింది. గడప తొక్కని మనిషివి, నీకెట్ల తెలిసింది?”

అతను బూటు కొసను చూసుకున్నాడు. మా ఊళ్లో పుట్టిన మనిషి కాకపోతే ఈ తప్పు చేసేవాడు కాదు. కాబోయే పేరు తెలిసినవాళ్లు పెళ్లి నిశ్చయమైన పిల్లను, ఆమె వినకుండా, ఆ పేరుతోనే చెప్పుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చదివిన పేరు మెదడులో ఉండిపోయింది, అలవాటు దాన్ని నోట్లోకి తెచ్చింది. వీసాల సంగతీ అక్కడే చదివి ఉంటాడు.

“సర్, మీ బీరువా తెరవండ్రి,” అన్నాను.

నందకిషోర్ కదల్లేదు. “అందుల లేదు,” అన్నాడు, నేల చూస్తూ. “భద్రత చెక్ చేయాలె అంటె రెండో చాబి సూర్యకాంత్‌కు ఇచ్చిన. ఆర్నెల్లయింది. మల్ల అడగలే.”

ఆర్నెల్లు. నాకు దొరకనివాళ్లు అతనికి ఒక్క పూటలో దొరకడం మొదలైంది సరిగ్గా అప్పటి నుంచే. నాకు మొదట వచ్చింది కోపం కాదు, సంతోషం. సిగ్గులేని సంతోషం. కోపం దాని వెనకాల వచ్చింది.

“ఇన్ని దినాలు నీ తెలివి అనుకున్న. నా బుర్ర పాడైందని బాధపడ్డ. నీ తెలివి కాదది, ఈ పిల్ల కట్టిన దర్వాజ.”

“నేను దొంగతనం చేయలే.” సూర్యకాంత్ లేచి నిలబడ్డాడు. గొంతులో వణుకు లేదు, అది మెచ్చుకోవాలి. “తల్లిదండ్రులకు వాళ్ల బిడ్డను వెతికిచ్చిన. సర్కారు చదివితె సక్రమం, నేను చదివితె పాపమా? దర్వాజ పెట్టిన్నాడే తెలియాలె, దాంట్లకెల్లి ఎవరో ఒకరు అస్తరని.”

“ఆ పిలగాని కాళ్లు?” అంది ప్రజ్ఞ.

“అవి నేను విరగ్గొట్టలే.”

జేబులోంచి రెండో చాబీ తీసి బల్ల మీద పెట్టి, బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. ఇల్లు, ఆఫీసు, పరువు అన్నీ ఈ ఊళ్లోనే ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు. సాయంత్రం ఠాణాకు వెళ్లే ఫిర్యాదులో పేరు మారుతుంది, అంతే. ప్రజ్ఞ కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె కదలకుండా కూర్చోవడం ఆ రోజు అదే మొదటిసారి. నాకు చాలా తేలిగ్గా అనిపించింది. చాయ్ తెప్పించమని కూడా అన్నాను.

నందకిషోర్ చాయ్ బదులు ఫోన్ తీశాడు. ఆ ఉత్తర్వు పంపిన కార్యాలయం అధికారికి జరిగింది చెప్పాలట, లేకపోతే తన మీదికి వస్తుందట. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరం వింటుండగా మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అవతలి మనిషి హిందీలో, చాలా మర్యాదగా మాట్లాడాడు. విసుగు లేదు, తొందర లేదు.

“అంటే ఆ అమ్మాయి తప్పేమీ లేదన్నమాట. సంతోషం. నిజంగా దొంగే అయి ఉంటే ఆమెను పక్కన పెట్టి, వేరే పద్ధతి చూసుకోవాల్సి వచ్చేది. ఆ దర్వాజ పూర్తిగా తెలిసినవాళ్లు మీ దగ్గర ఇంకెవరున్నారు?”

“ఎవ్వరు లేరు సాబ్. ఆమె ఒక్కతే.”

“అయితే ఆమె దేశం దాటడానికి వీల్లేదు. వీసా సంగతి మీ సూర్యకాంత్ పొద్దున్నే మాకు చెప్పాడు. రేపటికల్లా అన్ని విమానాశ్రయాలకూ ఆమె పేరు వెళ్తుంది. పాస్‌పోర్ట్ మాత్రం ఈరోజే మా మనిషికి ఇచ్చేయమనండి. అతను మీ దగ్గరికే బయల్దేరాడు.”

“ఎన్ని దినాలు సాబ్?” అని అడిగాడు నందకిషోర్, చిన్న గొంతుతో.

“దర్వాజ ఉన్నన్నాళ్లు.”

ఫోన్ ఆగిపోయింది. నేను చేసిన పని ఏమిటో అప్పటికి గానీ నా తలకెక్కలేదు. దొంగ అన్న ముద్ర ఉంటే కేసు నడిచేది, ఎప్పుడో ఒకనాడు ముగిసేది. ఆ ముద్ర నేనే తుడిచాను. ఇప్పుడు ఆమె నమ్మకమైన మనిషి. నమ్మకమైన మనిషిని ఎవరూ వదులుకోరు.

“తాయీ,” అంది ప్రజ్ఞ. ముఖం మీది చేతులు తీసింది, కళ్లు పొడిగా ఉన్నాయి. “దొంగనైతె బెయిల్ అన్న దొరుకుతుండె.”

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నేను ఇద్దరినీ వరండాలోకి లాక్కొచ్చాను.

“పేరు రేపు పోతదన్నడు. ఇయ్యాల ఇంక పోలే. దెగ్లూర్ మీదికెల్లి హైదరాబాద్, రాత్రికి ఏదో ఒక విమానం ఉంటది. పోతరా, ఉంటరా? ఉండమని గూడ నేను అన, పొమ్మని గూడ అన. మీ బతుకు మీది. జల్ది చెప్పుండ్రి.”

“పెండ్లి?” అంది ప్రజ్ఞ. “మా నాన్న పత్రికలు పంచిండు. అమ్మకు నేను కనీసం చెప్పి గూడ...” ఆమె వరండా చివరిదాకా నడిచింది, వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది. “ఇట్ల పోతె మల్ల ఇంటికి రాగలుగుతనా తాయీ?”

“నాకు తెల్వదు,” అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

యోగేశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నా ముందే పట్టుకున్నాడు, చెవులు కూడా ఎర్రబడలేదు. “బియ్యం ఆడ గూడ దొరుకుతయి ప్రజ్ఞా,” అన్నాడు.

ఆమె మెడలోని గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. అదే జవాబు.

కింద జీపు ఆగిన చప్పుడు వినిపించింది. కటకటాల మీదుగా చూశాను. తెల్ల జీపు, పక్కన గొడుగు విప్పుతున్న మనిషి. ఈ బిల్డింగుకు ఉన్న మెట్లు ఇవొక్కటే. వాళ్లిద్దరినీ చాయ్ గదిలోకి తోసి, జీపు కదిలిన చప్పుడు వినేదాకా బయటికి రావద్దని చెప్పి, నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఏం చేయబోతున్నానో నిజంగా నాకూ తెలియదు. కొంచెం సేపు ఆపుదాం, ఏదో అడుగుదాం అనుకున్నాను.

అతను మధ్య మలుపులో ఎదురయ్యాడు. కుర్రవాడు, తడిసిన చొక్కా, చంకలో ఫైలు. నన్ను చూసి మర్యాదగా పక్కకు జరిగి, ఫైలు మీది పేరు చూసుకున్నాడు.

“ప్రజ్ఞా మ్యాడం అంటే మీరేనా?”

సర్కారు మనిషికి తప్పుడు పేరు చెబితే ఏమవుతుందో పోలీసు ట్రైనింగులో మొదటి వారంలోనే నేర్పారు. ఇంకొకరికి నేను అదే నేర్పాను కూడా.

“నేనే,” అన్నాను. “పాస్‌పోర్ట్ ఈడ లేదు. ఇస్లాపూర్‌ల మా చిన్నమ్మ ఇంట్ల ఉన్నది. మీకు జీపు ఉన్నది గదా, పాండ్రి, పోయి తీసుకుందాం.”

ఇస్లాపూర్ ఒక దిక్కు, దెగ్లూర్ రోడ్డు ఇంకో దిక్కు. ఈ వానలో పోయి రావాలంటే పొద్దుపోతుంది. అతను ఒక్క క్షణం ఆలోచించి, తల ఊపి, నాతోపాటు కిందికి తిరిగాడు. రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. జేబులో ఫోన్ మోగింది.

“ఒక్క నిమిషం మ్యాడం,” అన్నాడు తెర వైపు చూస్తూ. “మా ఆఫీసు నుంచి మీ ఫోటో వస్తోంది. సరిచూసుకోమన్నారు.”

మెట్ల దగ్గర నెట్‌వర్క్ అంతంత మాత్రమే. ఫోటో పైనుంచి మెల్లగా తెరుచుకుంటోంది. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. జీపు ఇంకా కదలనే లేదు, పైన చాయ్ గది తలుపు కిర్రుమంది.